పాత స్పోర్ట్స్ కారు ఇంజిన్ ఎంత వేడిగా ఉండాలి?

విశాఖలో పాత కార్లు నడిపేవాళ్లు నలుగురు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా చివరికి వేడి దగ్గరే తేలుతుంది. "సూది సగం దాటింది, ఇంజిన్ పోతుందేమో" అని ఒకరి బెంగ. "నూట తొంభై చూపిస్తోందండీ" అని ఇంకొకాయన గొంతు తగ్గించి చెబుతాడు, ఇంట్లో ఎవరికో బాగాలేదన్నట్టు. ఆయన కారు మీటరు ఫారన్‌హీట్‌లో ఉంది. 190 ఫారన్‌హీట్ అంటే 88 సెల్సియస్. ఆ ఇంజిన్‌కు అంతకంటే సుఖమైన స్థితి ఇంకోటి లేదు.

నేను ఉద్యోగమంతా సరుకు ఓడల ఇంజిన్ గదుల్లో చేశాను. అక్కడ ప్రతి డ్యూటీలోనూ ఉష్ణోగ్రతలు రాయడం పళ్లు తోముకోవడం లాంటి అలవాటు. పెద్ద డీజిల్ ఇంజిన్ నుంచి బయటికొచ్చే నీళ్లు సుమారు 80 నుంచి 85 డిగ్రీలుండాలి. తొంభై దాటితే చీఫ్ ఇంజినీరు ఎంత గట్టిగా అరిచేవాడో, అరవైకి పడిపోయినా అంతే గట్టిగా అరిచేవాడు. ఇంజిన్ చల్లగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు కాదన్న సంగతి అప్పుడే బుర్రకెక్కింది. రిటైరయ్యాక నా చేతికొచ్చింది 1960ల చివరి ఎంజీబీ, రెండు సీట్ల ఓపెన్ కారు, 1798 సీసీ ఇంజిన్. ఇక్కడ చెప్పే అంకెలు ప్రధానంగా దానివే. అయితే ఆ కాలపు ఇనుప ఇంజిన్లు చాలావాటికి కొద్ది తేడాతో ఇవే వర్తిస్తాయి. మన పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజిన్ ఇదే బీఎంసీ అనే బ్రిటిష్ కంపెనీ బీ సిరీస్ కుటుంబం. కాబట్టి కంచరపాలెంలోనో గాజువాకలోనో పాత అంబాసిడర్లు విప్పి బిగించిన మెకానిక్ మీకు దొరికితే ఎంజీబీని చూసి బెదిరిపోడు. అయితే ఆయన చెప్పే మొదటి సలహా మాత్రం వినకండి. దాని గురించి కింద చెబుతాను.

అంకెలు

82 డిగ్రీలకు తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ ఉన్న ఎంజీబీ లాంటి కారు ఖాళీ రోడ్డు మీద 70, 80 వేగంతో సాగుతుంటే నీటి వేడి 82 నుంచి 92 మధ్య ఉండాలి. ఫారన్‌హీట్ మీటరులో అది 180 నుంచి 198. మే నెల మధ్యాహ్నం సిగ్నళ్ల మధ్య ఇరుక్కుంటే 95 నుంచి 100 వరకు, అంటే 212 దాకా ఎక్కడం మామూలే. కారు కదిలి గాలి తగిలిన తర్వాత అది దిగాలి. దిగుతున్నంతవరకు మీ పని మీరు చూసుకోండి. 105 దాటి, అంటే 221 దాటి ఇంకా ఎక్కుతుంటే ఏదో ఒకటి చేయవలసిన సమయం వచ్చింది. 110, అంటే 230 దగ్గర పక్కకు తీసి ఆపాల్సిందే.

వంద డిగ్రీలకు నీళ్లు మరగవా అని అడుగుతారు. మూత తీసి ఉంటే మరుగుతాయి. రేడియేటర్ మూతలోని స్ప్రింగు లోపల ఒత్తిడి నిలబెడుతుంది, ఒత్తిడి పెరిగితే మరిగే స్థాయి కూడా పైకి జరుగుతుంది. చదరపు అంగుళానికి 7 పౌండ్ల ఒత్తిడి ఆపే మూత ఉంటే మామూలు నీళ్లు దాదాపు 111 దగ్గర, 10 పౌండ్ల మూతతో 115 దగ్గర, 13 పౌండ్లతో 118 దాటాక మరుగుతాయి. కూలెంట్ కలిపితే ఇంకో రెండు మూడు డిగ్రీలు కలిసొస్తాయి. అందుకే మూత చిన్న వస్తువు కాదు. రేడియేటర్ మెడ లోతుకు సరిపోని మూత బిగిస్తే అది కింది అంచు మీద కూర్చోదు, పైకి బిగిసినట్టే కనిపిస్తుంది, ఒత్తిడి మాత్రం సున్నా. "ఎక్కువ పౌండ్లది వేస్తే ఇంకా మంచిది కదా" అని కొత్త కార్ల 15 పౌండ్ల మూతను పాత ఇత్తడి రేడియేటర్‌కు తగిలించినవాళ్లున్నారు. అతుకులు విచ్చుకుని నీళ్లు కారాయి. తయారీదారు ఎంత చెప్పాడో అంతే వేయండి.

ఇక ఆయిల్. నీటికంటే ఆయిల్ నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. 80 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత. 120 దాటి అక్కడే నిలిచిపోతే ఆలోచించాలి. చాలా కార్లలో ఆయిల్ ఉష్ణోగ్రత మీటరు ఉండదు, ఒత్తిడి మీటరు మాత్రం ఉంటుంది. దాన్నే చదవడం నేర్చుకోవాలి. ఎంజీబీలో వేడెక్కిన ఇంజిన్‌కు రోడ్డు మీద 50 నుంచి 80 పౌండ్ల ఒత్తిడి, కారు నిలబడి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు 15 నుంచి 25 ఉంటే బాగున్నట్టు. నీటి సూది మామూలు చోటే ఉండి, ఆయిల్ ఒత్తిడి మాత్రం రోజూ కంటే పది పౌండ్లు తక్కువ కనిపిస్తే ఆయిల్ బాగా వేడెక్కి పలచబడిందని అర్థం చేసుకోండి. లేదా మట్టం తగ్గి ఉంటుంది. ఇంటికెళ్లాక చూద్దామనుకోకుండా అక్కడే ఆపి డిప్‌స్టిక్ తీసి చూడండి.

ఆ మొదటి సలహా

"థర్మోస్టాట్ తీసేద్దాం సార్, మన ఊరికి అది అవసరం లేదు." ఈ మాట వినని పాత కారు యజమాని ఆంధ్రదేశంలో ఉండడు. నా కారు కూడా నాకు వచ్చినప్పుడు థర్మోస్టాట్ లేకుండానే వచ్చింది, ఎవరు ఎప్పుడు తీసేశారో తెలియదు. థర్మోస్టాట్ చేసే పని ఒక్కటే: ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్ వైపు పోనివ్వదు. వేడెక్కాక తలుపు తెరుస్తుంది. అంటే అది కనీస ఉష్ణోగ్రతను నిర్ణయిస్తుంది, గరిష్ఠాన్ని కాదు. గరిష్ఠాన్ని నిర్ణయించేవి రేడియేటర్, ఫ్యాను, గాలి. పూర్తిగా తెరుచుకున్నాక 74 డిగ్రీల థర్మోస్టాట్‌కూ 82 డిగ్రీలదానికీ తేడా ఏమీ లేదు. వేడి దేశాలకు 74, మామూలుకు 82, చలి దేశాలకు 88 అని మూడు రకాలు దొరుకుతాయి. విశాఖకు నేను 82 వాడతాను, ఎండాకాలంలో కూడా మార్చను.

తీసేస్తే నష్టమేమిటో డిసెంబరు ఉదయం బీచ్ రోడ్డు మీద భీమిలి దాకా వెళ్లి చూడండి. సూది 150 ఫారన్‌హీట్ దగ్గరే తారాడుతుంది. అంత చల్లని ఇంజిన్‌లో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు, సిలిండర్ గోడల మీదున్న ఆయిల్‌ను కడిగేస్తుంది. మండగా పుట్టిన నీటి ఆవిరి ఆయిల్‌లోకి దిగి అక్కడే ఉండిపోతుంది, ఆమ్లాలు తయారవుతాయి, కొన్నాళ్లకు నల్లటి మడ్డి పేరుకుంటుంది. మరోవైపు మే నెలలో జగదాంబ జంక్షన్ దగ్గర ఇరుక్కుంటే ఆ కారే మళ్లీ 212కు ఎక్కుతుంది, ఎందుకంటే అక్కడ తక్కువైనది గాలి. పైగా థర్మోస్టాట్ నోరు నీళ్లకు కాస్త అడ్డు ఉండటం వల్ల ఇంజిన్ లోపల పంపు ఒత్తిడి నిలుస్తుంది, వాల్వుల చుట్టూ ఉన్న సన్నటి దారుల్లో నీళ్లు చోటు చోటున మరగకుండా ఆపుతుంది. తీసేస్తే ఆ మేలూ పోతుంది. నీళ్లు వేగంగా పారితే వేడి దిగే సమయం ఉండదని కొందరు చెప్పే కారణం మాత్రం తప్పు. ఆ వాదనతో నా పక్షాన నిలబడేవాళ్లను కూడా నేను ఒప్పుకోను.

ముందు మీటరును నమ్మవచ్చో లేదో తేల్చండి

యాభై ఏళ్లు దాటిన మీటరు చెప్పేది వేదవాక్కు కాదు. మంచి సంగతేమిటంటే మనం సముద్ర మట్టంలో ఉన్నాం. విశాఖలో గిన్నెలో నీళ్లు మరిగితే అవి నూటికి నూరు డిగ్రీలే. ఇంతకంటే ఖచ్చితమైన కొలబద్ద డబ్బు పెట్టినా దొరకదు.

నా ఎంజీబీలోని మీటరు కరెంటుతో పనిచేయదు. ఇంజిన్ హెడ్ ముందు భాగంలో, థర్మోస్టాట్ కింద, వేలంత ఇత్తడి గొట్టం ఒకటి దిగి ఉంటుంది. అందులో ఈథర్. అక్కడి నుంచి జుట్టంత సన్నని దారి ఉన్న రాగి గొట్టం డాష్‌బోర్డు దాకా వెళుతుంది. వేడికి ఈథర్ ఆవిరి ఒత్తిడి పెరిగి సూదిని తిప్పుతుంది. ఆ రాగి గొట్టం మెలిపడినా, చిట్లినా మీటరు చచ్చినట్టే. అందుకే ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ అడుగు నుంచి కొన్ని నీళ్లు తీసి, హెడ్ దగ్గర నట్టు ఒక్కటే తిప్పండి, గొట్టం దానితో పాటు తిరగకుండా రెండో చేత్తో పట్టుకోండి. బిగుసుకుపోయి ఉంటే తుప్పు వదిలించే నూనె పోసి మర్నాటి దాకా ఆగండి. బలం చూపించే చోటు కాదది.

ఇప్పుడు పొయ్యి కారు దగ్గరికి రావాలి, ఎందుకంటే ఆ గొట్టం వంటింటి దాకా సాగదు. నేను కరెంటు పొయ్యి ఒకటి బయటికి లాగి, ఒక పాత స్టీలు గిన్నె తీసుకున్నాను. మా ఆవిడ గుమ్మంలోంచే చెప్పింది: "ఆ గిన్నె ఇక నా వంటింట్లోకి రాకూడదు." ఆమె మాట అక్షరాలా నిజం. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ విషం, దాని తీపి వల్ల కుక్కలూ పిల్లలూ దాన్ని నాలుకతో నాకే ప్రమాదం ఉంది. ఒలికిన చుక్క కూడా కడిగేయాలి, వాడిన గిన్నె గ్యారేజీకే పరిమితం కావాలి.

నీళ్లు తెరలు తెరలుగా మరిగేటప్పుడు ఇత్తడి గొట్టాన్ని అడుగుకు తాకకుండా పట్టుకోండి. నిమిషం ఆగితే సూది 212 మీద నిలవాలి. 205 చూపిస్తే మీ మీటరు ఏడు డిగ్రీలు తక్కువ చెబుతోందన్నమాట, డాష్‌బోర్డు పక్కన చిన్న కాగితం అంటించుకోండి. అయితే ఈ రకం మీటరు గీతలు సమానంగా ఉండవు. అడుగున కిక్కిరిసి, పైకి పోయేకొద్దీ ఎడంగా ఉంటాయి. కాబట్టి ఒక్క చోట సరిచూస్తే చాలదు. పొయ్యి కట్టేసి, నీళ్లు చల్లారుతుండగా వంటకు వాడే థర్మామీటరు పక్కన పెట్టి 90 దగ్గర, 80 దగ్గర కూడా పోల్చుకోండి.

గిన్నె వేడిగా ఉండగానే థర్మోస్టాట్ పరీక్ష కూడా అయిపోతుంది. దాని తలుపు సందులో ఒక దారం ఇరికించి, ఆ దారంతోనే నీళ్లలోకి వేలాడదీయండి. మళ్లీ వేడి చేస్తూ థర్మామీటరు చూడండి. తలుపు తెరుచుకోవడం మొదలైన క్షణాన దారం జారి థర్మోస్టాట్ అడుగున టక్కుమని పడుతుంది. 82 అని రాసి ఉన్నది 80కీ 84కీ మధ్య పడితే మంచిదే. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది, పన్నెండు డిగ్రీలు పడుతుంది. మా వీధి మెకానిక్ కుర్రాడు ఇది చూసి, "మాస్టారూ, ఇన్నాళ్లూ మేం పెట్టెలో ఉన్నది ఉన్నట్టు బిగించేవాళ్లం" అన్నాడు. కొత్తది కొన్నా పరీక్షించకుండా బిగించవద్దు. తిరిగి బిగించేటప్పుడు అంచున ఊగే చిన్న మేకు ఉంటే అది పైవైపు ఉండాలి, చిక్కుకున్న గాలి దాని గుండా బయటపడుతుంది.

కరెంటు మీటరు ఉన్న కార్లలో ఇంకో మోసం ఉంది. స్మిత్స్ కంపెనీ మీటర్లకు డాష్‌బోర్డు వెనక 10 వోల్టులు ఇచ్చే చిన్న స్టెబిలైజర్ డబ్బా ఉంటుంది. అది పాడైతే ఉష్ణోగ్రత మీటరు, పెట్రోలు మీటరు రెండూ ఒకేసారి ఎక్కువ చూపిస్తాయి. ట్యాంకులో సగమే పోశానని తెలిసీ మీటరు నిండుగా చూపిస్తుంటే ఇంజిన్ మీద అనుమానం తర్వాత పెట్టుకోండి.

చేతిలో పట్టుకుని గురిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్లు ఇప్పుడు చవకే. మెరిసే ఇత్తడి, అల్యూమినియం మీద మాత్రం అవి తక్కువ చూపిస్తాయి. థర్మోస్టాట్ మూత మీద రూపాయి బిళ్లంత నల్లరంగు పూసి, మెరుపు లేని రంగే, అక్కడ గురిపెట్టండి. రేడియేటర్ పై గొట్టానికీ కింది గొట్టానికీ మధ్య తేడా కూడా చూడండి. ఇంజిన్ బాగా వేడెక్కాక అది మామూలుగా 5 నుంచి 10 డిగ్రీలుంటుంది. కింది గొట్టం మరీ చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోలేదు, లేదా రేడియేటర్ లోపల పూడుకుపోయింది.

మీ కారు మామూలు ఏదో రాసిపెట్టుకోండి

పుస్తకంలో ఉన్నది అందరి కార్ల మామూలు. మీకు కావలసింది మీ కారుది. డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుపుస్తకం ఉంచి బయటి ఉష్ణోగ్రత, రోడ్డు, నీటి సూది, ఆయిల్ ఒత్తిడి రాయండి. ఒక ఎండాకాలం, ఒక చలికాలం గడిస్తే మీ దగ్గర ఉన్నదాన్ని ఏ మెకానిక్ కూడా ఇవ్వలేడు. నా పుస్తకం ప్రకారం నా కారు ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలికి పోతుంటే ఫారన్‌హీట్ మీటరులో చలికాలం 182, ఎండాకాలం 188. సాయంత్రం మద్దిలపాలెం నుంచి ఆశీల్‌మెట్ట దాకా ట్రాఫిక్‌లో 205. భీమిలి రోడ్డు మీద ఎప్పుడైనా 200 కనిపిస్తే నేను ఇంటికొచ్చి బానెట్ ఎత్తుతాను, అది ప్రమాదకరమైన అంకె కాకపోయినా సరే. ఆ రోడ్డు మీద ఆ అంకెకు పని లేదు.

ఈ ఊరి వాతావరణం గురించి ఒక భ్రమ ఉంది. ఉక్కపోత వల్ల కార్లు వేడెక్కుతాయంటారు. మనకు చెమట ఆరదు కనుక ఉక్క బాధిస్తుంది, రేడియేటర్‌కు చెమట పట్టదు. దానికి తెలిసిందల్లా గాలి ఎంత వేడిగా ఉందన్నదే. గాలి 35, నీళ్లు 90 ఉంటే మధ్య తేడా 55 డిగ్రీలు. అదే కారు రెంటచింతలలో 45 డిగ్రీల ఎండలో ఉంటే తేడా 45. అంటే రేడియేటర్ సత్తాలో దాదాపు ఐదో వంతు పోయినట్టు. ఆ లెక్కన విశాఖ పాత కారుకు చల్లని ఊరే. దానికి ఇక్కడ నిజమైన శత్రువు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు పక్కన నిలిపే కార్ల రేడియేటర్ రెక్కలు కొన్నేళ్లకు వేలితో తాకితే పొడిగా రాలిపోతాయి. గొట్టాల్లో నీళ్లు బాగానే పారుతుంటాయి, వేడిని గాలికి అందించే రెక్కలు మాత్రం ఉండవు. నెలకోసారి ఇంజిన్ చల్లగా ఉండగా, ఇంజిన్ వైపు నుంచి బయటివైపుకు, సన్నని ధారతో మంచినీళ్లు పోసి కడగండి. కార్లు కడిగే చోట వాడే ప్రెషర్ పంపు వద్దు, రెక్కలు వంగిపోతాయి.

లోపల పోసే నీళ్లు కూడా అంతే ముఖ్యం. బోరు నీళ్లు పోస్తే ఇంజిన్ లోపల గట్టి పొర కడుతుంది. పొయ్యి మీద ఎసరు గిన్నెకు కట్టేదే అది. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్ రెండు పాళ్లు, ఇత్తడి రేడియేటర్‌కు పనికొచ్చే పాత రకం గ్లైకాల్ కూలెంట్ ఒక పాలు కలపండి. సగం సగం అక్కర్లేదు. మనకు నీళ్లు గడ్డకట్టే భయం లేదు, లంబసింగిలో జనవరి రాత్రి ఆరుబయట కారు నిలిపితే తప్ప. వేడిని మోయడంలో గ్లైకాల్ కంటే నీళ్లే మెరుగు. కూలెంట్ వేసేది తుప్పు ఆపడానికి. రెండేళ్లకోసారి మొత్తం మార్చేయండి.

అరకు ఘాట్

శృంగవరపుకోట దాటాక అసలు పరీక్ష మొదలవుతుంది. అక్కడి నుంచి త్యాడ, అనంతగిరి మీదుగా రోడ్డు పైకి లేస్తూనే ఉంటుంది. అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన. అక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. మూత ఉన్న రేడియేటర్‌లో కూడా అంతే, మరిగే స్థాయి ఓ మూడు డిగ్రీలు కిందికి జరుగుతుంది.

ఎక్కేటప్పుడు చాలామంది పై గేరులో ఇంజిన్‌ను ఈడుస్తారు, తక్కువ తిరిగితే తక్కువ వేడెక్కుతుందని. జరిగేది దానికి విరుద్ధం. ఫ్యానూ నీటి పంపూ బెల్టుతో ఇంజిన్‌కే కట్టి ఉన్నాయి, ఇంజిన్ మెల్లగా తిరిగితే అవీ మెల్లగానే తిరుగుతాయి. మూడో గేరులో, మలుపుల్లో రెండో గేరులో 2500 నుంచి 3000 చుట్ల మధ్య ఉంచండి. సూది 200 దాకా ఎక్కి అక్కడ నిలబడుతుంది. ముందు లారీ ఉంటే దాని పొగగొట్టం వెనకే అంటుకుని వెళ్లకండి, వేడి గాలి నేరుగా మీ రేడియేటర్‌లోకే వస్తుంది. ఓపిగ్గా ఎడం ఇవ్వండి.

పైన టీ కోసం ఆగినప్పుడు వెంటనే ఇంజిన్ కట్టేయకండి, ఒకటి రెండు నిమిషాలు తిరగనివ్వండి. కట్టేశాక సూది ఇంకో పది, పదిహేను ఫారన్‌హీట్ డిగ్రీలు పైకి పోతుంది. అది చూసి కంగారు పడనవసరం లేదు. పంపు ఆగింది, ఇనుములో ఉన్న వేడి నీళ్లలోకి దిగుతోంది, అంతే. మళ్లీ స్టార్టు చేయగానే దిగిపోతుంది. అసలు ఇబ్బంది వేరే చోట. ఈ ఇంజిన్‌లో కార్బురేటర్లూ పొగ బయటికిపోయే మానిఫోల్డూ ఒకే వైపున, ఒకదాని నెత్తిన ఒకటి ఉంటాయి. ఆగిన పది నిమిషాల్లో కార్బురేటర్ గిన్నెల్లో పెట్రోలు ఉడుకుతుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుతో ఈ బాధ పెరిగింది. బానెట్ ఎత్తి వదిలేయండి, మధ్యలో ఉండే వేడిని ఆపే రేకు సరిగా ఉందో లేదో చూసుకోండి. ఇదే పెట్రోలు వల్ల గాలి, పెట్రోలు మిశ్రమం కూడా కాస్త పలచనవుతుంది, పలచని మిశ్రమం వేడిగా మండుతుంది. ఎస్‌యూ కార్బురేటర్లను కొద్దిగా చిక్కగా సర్దించుకుంటే తేడా సూదిలోనే కనిపిస్తుంది. పాత రబ్బరు పెట్రోలు గొట్టాలు ఉంటే వాటిని ఇథనాల్ తట్టుకునేవాటితో మార్చేయండి, వేడి మానిఫోల్డు మీద పెట్రోలు చుక్క పడితే ఈ వ్యాసంతో మీకు పని ఉండదు.

దిగేటప్పుడు కాలు యాక్సిలరేటర్ మీద ఉండదు కనుక సూది 170 దాకా పడుతుంది. 140కి పడిపోతే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందని తెలుసుకోండి. దాన్ని పట్టుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

సూది ఎక్కిపోతుంటే

హీటరు ఉంటే పూర్తిగా తెరిచి, దాని ఫ్యాను వేయండి. మే నెలలో కాళ్ల మీదికి వేడి గాలి రావడం నరకమే, కానీ అది మీకు దొరికిన రెండో రేడియేటర్. మన దగ్గర చాలామంది హీటరు పీకేసి చోటు మిగిలిందని సంతోషిస్తారు. ఆవిరి లేకపోతే పక్కకు తీసి, గేరు తీసి, ఇంజిన్‌ను 1200, 1500 చుట్ల మీద నడపండి, ఫ్యాను పని చేస్తుంది. ఆవిరి వస్తున్నా, నీళ్లు కారిపోయినా వెంటనే కట్టేయండి.

ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. 230 దాకా ఎక్కిన సూది ఉన్నట్టుండి 150కి పడిపోతే ఇంజిన్ చల్లారిందని మురిసిపోకండి. నీళ్లన్నీ పోయి, ఇత్తడి గొట్టం ఖాళీ గాలిలో వేలాడుతోందని అర్థం. మీటరు నీళ్ల వేడి చెబుతుంది, ఇనుము వేడి కాదు.

మూత ముట్టుకోకండి. అరగంటో ముప్పావుగంటో ఆగి, పై గొట్టాన్ని గుడ్డతో నొక్కి చూడండి. మెత్తగా ఉంటే మందపాటి గుడ్డ వేసి మొదటి మెట్టు వరకు మాత్రమే తిప్పి, బుస తగ్గాక పూర్తిగా తీయండి. మండుతున్న ఇంజిన్‌లో చల్లని నీళ్లు కుమ్మరిస్తే హెడ్ వంగుతుంది, లేదా పగులుతుంది. దారిలో ఎవరో బకెట్‌తో పరుగెత్తుకొస్తారు. "ఆగండి బాబూ, చల్లారనివ్వండి" అని ఆ బకెట్ తీసుకుని పక్కన పెట్టుకోండి.

కారణం వెతకడానికి సూది ఎప్పుడు ఎక్కిందో చాలు. ట్రాఫిక్‌లో మాత్రమే ఎక్కి రోడ్డు మీద దిగిపోతుంటే ఫ్యాను, దాని చుట్టూ ఉండే రేకు, వదులైన బెల్టు చూడండి. బెల్టును పొడవైన చోట బొటనవేలితో నొక్కితే అరంగుళం కుంగాలి. స్పార్క్ టైమింగ్ వెనకబడినా ఇదే లక్షణం, డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం ఊడిపోయినా అంతే. ట్రాఫిక్‌లో బాగుండి హైవే మీద వేగం పెంచితే ఎక్కుతుంటే రేడియేటర్ లోపల పూడిక, లేదా పంపు లాగుడుకు లోపలికి నొక్కుకుపోతున్న కింది గొట్టం. రెండు చోట్లా ఎక్కుతూ, నీళ్లు ఎక్కడా కారకుండానే తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్, అంటే హెడ్ కింద నీళ్లనూ మంటనూ విడదీసే పొర, పోయినట్టు. చల్లని ఇంజిన్ స్టార్టు చేసి, మూత తీసి రేడియేటర్‌లోకి చూడండి, ఆగకుండా బుడగలు వస్తుంటే అదే. ఆయిల్ పోసే మూత కింద వెన్నలాంటి తెల్లటి నురగ కనిపిస్తే అందరూ గాస్కెట్ పోయిందనే అంటారు. మన తడిగాలిలో రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే కారుకు అది కొద్దిగా పట్టడం సహజం. ఒకసారి భీమిలి దాకా నడిపి తుడిచేయండి. మళ్లీ రాకపోతే మర్చిపోండి. డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు కనిపిస్తే మాత్రం హెడ్ విప్పాల్సిందే.

బయటికి పాత రూపం, లోపల కొత్త ఇంజిన్ ఉన్న కార్ల సంగతి క్లుప్తంగా. వాటి థర్మోస్టాట్లు సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంటాయి, కరెంటు ఫ్యాను 95 దాటాక గానీ తిరగదు, ట్రాఫిక్‌లో 100, 105 వాటికి లెక్క కాదు. పైగా వాటి మీటర్లు కొంత పరిధి వరకు సూదిని కావాలనే మధ్యలో నిలబెడతాయి, అది కదిలేసరికి పరిస్థితి ముదిరి ఉంటుంది. అందమైన పాతకాలపు డయల్ పెట్టుకుని కొత్త ఇంజిన్ నడిపేవాళ్లు నా అంకెలతో పోల్చుకుని భయపడనక్కర్లేదు. మీ ఇంజిన్ అసలు ఏ కారుదో కనుక్కుని దాని అంకెలు చూడండి.

చివరగా నీటి మట్టం. పక్కన ప్లాస్టిక్ సీసా లేని పాత రేడియేటర్‌ను మెడ దాకా నింపితే వేడెక్కగానే మిగిలింది రోడ్డు మీద పోస్తుంది. మీరు మళ్లీ నింపుతారు, అది మళ్లీ పోస్తుంది. మెడ కంటే అంగుళం కిందికి వచ్చి అది ఆగుతుంది, దానికి కావలసిన మట్టం అదే. ఘాట్ ఎక్కి దిగిన మర్నాటి ఉదయం, ఇంజిన్ చల్లగా ఉండగా, మూత తీసి చూడండి. అంగుళం దగ్గరే ఉంటే మూత పెట్టేయండి. గ్లాసుడు నీళ్లు పట్టేలా ఉంటే పోసి, నోటుపుస్తకంలో రాసి, వారం తర్వాత మళ్లీ చూడండి.